ఫారాల పని పెద్దలది



ఇంట్లో పన్నెండో తరగతి చదివే అబ్బాయో అమ్మాయో ఉన్న ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలతో ఈ పూట మాట్లాడాలని వచ్చాను. మథురాకాటి, నింపురా, మలంచ, న్యూ సెటిల్‌మెంటు, ఝపేటాపూర్, ఎక్కడున్నా సరే, అమ్మానాన్నలతో పాటు అమ్మమ్మలు, తాతయ్యలు, మేనమామలు కూడా కాస్త దగ్గరగా కూర్చుని వినండి. పిల్లలకు చెప్పే మాటలు బడిలో, ట్యూషన్లో, ఫోన్లో కావలసినన్ని ఉన్నాయి. పెద్దలకు చెప్పేవారే తక్కువ.

నేను ఈ ఊళ్ళో చాలా ఏళ్ళు ప్లస్ టూ పిల్లలకు లెక్కలు చెప్పాను. పూజా సెలవుల దాకా హుషారుగా ఉన్న పిల్లలు జనవరి వచ్చేసరికి ఒక్కొక్కరుగా మాట తగ్గించడం ఏటా చూశాను. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, ఇంటిగ్రేషన్ రావడం లేదని చెప్పినవాళ్ళు తక్కువ. "ఏ ఫారం నింపాలో తెలియట్లేదు టీచర్." "సీటు రాకపోతే నాన్న ఏమంటారో టీచర్." ఇవీ వాళ్ళ మాటలు. పాఠం కష్టమైతే పిల్లలు తట్టుకుంటారు, మళ్ళీ చేస్తే వస్తుందని వాళ్ళకు తెలుసు. దారి తెలియకపోతే తట్టుకోలేరు. ఫలితం వచ్చిన మర్నాడు ఇంట్లో వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో తెలియకపోతే అసలే తట్టుకోలేరు. ఈ రెండూ పెద్దల చేతిలో ఉన్నవి కాబట్టే మీతో మాట్లాడుతున్నాను.

ముందు మన భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్ళు పనికి వచ్చారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మెన్‌గా, ఫైర్‌మెన్‌గా చేరారు. తాత చేసిన పనే తండ్రికీ, తండ్రి చేసిన పనే కొడుక్కూ అందుబాటులో ఉండేది. పది చదివి, అప్రెంటిస్ చేసి, షాపులోకి వెళితే చాలు. క్వార్టరు, పాసు, రైల్వే ఆస్పత్రి, పింఛను వెంట వచ్చేవి. కాలేజీ సీటు గురించి రాత్రంతా మేలుకోవలసిన అవసరం మన ముందు తరాల్లో చాలామందికి రాలేదు.

2004లో రైల్వే శాఖ ఒక పథకం పెట్టింది. గ్యాంగ్‌మెన్, డ్రైవర్లు గడువుకు ముందే రిటైరైతే వాళ్ళ పిల్లలకు ఉద్యోగం ఇచ్చే ఏర్పాటు అది. 2010లో లార్స్‌గెస్ అన్న పేరుతో మరికొన్ని విభాగాలకు విస్తరించింది. న్యాయస్థానం తప్పుపట్టడంతో 2018లో ఆగిపోయింది. ప్రభుత్వోద్యోగం ఆస్తిలాగా వారసులకు చేరకూడదన్న మాట సరైనదేనని నేను నమ్ముతాను. కాని ఆ దారిని నమ్ముకుని ఉన్న తండ్రి గుండెలో ఆ రోజు ఏం జరిగిందో కూడా నాకు తెలుసు. "నాకున్నది వీడికి లేదు, వీడు చదివితేనే బతుకు" అన్న ఆలోచన అప్పుడు బలపడింది. ఆ ఆలోచన తప్పు కాదు. రోజూ రాత్రి అన్నం దగ్గర ఆ భయాన్ని పదిహేడేళ్ళ పిల్లాడి కంచంలో వడ్డించడమే తప్పు. మీ ఉద్యోగ భయం మీది. దాన్ని మీ ఈడు వాళ్ళతో చెప్పుకోండి, మీ యూనియన్లో చెప్పుకోండి, భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకోండి.

దీనికి తోడు మన ఊరికి మరో ప్రత్యేకత ఉంది. 1931 సెప్టెంబరు 16న రాజకీయ ఖైదీల మీద బ్రిటిషు పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరిని చంపిన హిజ్లీ నిర్బంధ శిబిరం ఉందే, సరిగ్గా ఆ భవనంలోనే 1951లో దేశంలోకెల్లా మొదటి ఐఐటీ మొదలయ్యింది. మన పిల్లలు పుట్టినప్పటి నుంచీ ప్రేమ్ బజార్ వైపు వెళ్ళినప్పుడల్లా ఆ గేటు చూస్తూనే పెరుగుతారు. "దేశం నలుమూలల నుంచి వచ్చి చదువుకుంటున్నారు, ఊళ్ళో ఉండి నువ్వు సంపాదించలేవా?" ఈ మాట ఎన్నో ఇళ్ళల్లో విన్నాను. ఐఐటీకి ఊరి కోటా లేదు, రాష్ట్రం కోటా కూడా లేదు. గేటు పక్కన ఉన్నవాడికీ గౌహతిలో ఉన్నవాడికీ ఒకటే వరస. 2025లో జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు పద్నాలుగున్నర లక్షలు దాటారు. ఆ ఏడాది ఐఐటీలన్నిట్లో కలిపి ఉన్న సీట్లు 18,160. నూటికి ఒకరి కంటే కొంచెం ఎక్కువ, అంతే. ప్రయత్నించాల్సిందే. మన ఊరి పిల్లలు అందుకున్నారు, ఇంకా అందుకుంటారు. కాని మిగిలిన తొంభై ఎనిమిది మందికి కూడా ఇంట్లో అన్నం, ఆదరణ ఒకేలా ఉండాలి.

ఇప్పుడు ఫారాల సంగతికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బయట ఊళ్ళ తెలుగువాళ్ళకు లేని చిక్కులు మనకున్నాయి.

పన్నెండో తరగతి పిల్ల ముందు ఒకే ఏడాదిలో ఎన్ని తలుపులున్నాయో చూడండి. బోర్డు పరీక్ష. ఇంజనీరింగుకైతే జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. అందులో పై రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్. బెంగాల్ కాలేజీలకు డబ్ల్యూబీజేఈఈ, జాదవ్‌పూర్ యూనివర్సిటీ ఇంజనీరింగు సీట్లు కూడా దాంతోనే. డాక్టరు చదువుకైతే మే నెలలో నీట్. విశ్వభారతి వంటి కేంద్ర విశ్వవిద్యాలయాలకు 2022 నుంచి సీయూఈటీ. బెంగాల్‌లో మామూలు డిగ్రీ కాలేజీలకు 2024 నుంచి ఒకే పోర్టల్. ప్రతిదానికీ వేరే అప్లికేషన్ నంబరు, వేరే పాస్‌వర్డు, వేరే గడువు, వేరే కొలతలో ఫోటో. ఒకటి తప్పితే ఏడాది పోతుందేమోనన్న గుబులు. ఇదంతా ఆ పిల్ల ఒక చేత్తో కెమిస్ట్రీ పుస్తకం పట్టుకుని రెండో చేత్తో చెయ్యాలి. నిద్రపోయే ముందు చూసుకునేది పుస్తకం కాదు, ఓటీపీ వచ్చిందా లేదా అని.

ఈ పని మనం తీసుకుందాం. ఒక పాత రిజిస్టరు పుస్తకం చాలు. పేజీకో పరీక్ష. గడువు తేదీ, నంబరు, పాస్‌వర్డు, కట్టిన ఫీజు, ఇంకా కావలసిన కాగితం. ఇంట్లో ఒకే పెద్ద మనిషి దానికి బాధ్యులు. చదువుకున్న అక్కో బాబాయో ఉంటే ఇంకా మంచిది. ఏ కోర్సు ముందు, ఏ కాలేజీ తరువాత అన్నది మాత్రం పిల్లలే చెప్పాలి. రాసేది మనం, ఎంచుకునేది వాళ్ళు. చాలా ఇళ్ళల్లో ఇది తలకిందులుగా నడుస్తోంది. ఎంపిక తండ్రి చేస్తాడు, సైబర్ కేఫ్‌లో వరసలో నిలబడేది పిల్లాడు.

పేర్ల చిక్కు మీకందరికీ అనుభవమే. మనకు ఇంటిపేరు ముందు, బెంగాల్‌లో వెనక. బడి రికార్డులో "కె. అప్పారావు", ఆధార్‌లో "కొటాన అప్పారావు", పాన్ కార్డులో "అప్పారావు కొటాన". కొన్ని ఆఫీసుల్లో "రావు"నే ఇంటిపేరు అనుకుని పిల్లలకు కూడా తగిలించేస్తారు. పదో తరగతి సర్టిఫికెట్టులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా లేకపోతే ఫారం నింపేటప్పుడే అభ్యంతరాలు మొదలవుతాయి. పిల్లలు పదకొండులో ఉండగానే, వేసవి సెలవుల్లో, ఇది సరిచేయించండి. పరీక్ష నెలలో ఆధార్ కేంద్రం దగ్గర నిలబడిన పిల్లవాడికి ఆ రోజు చదువు పోయినట్టే, మర్నాడు మనసు కూడా నిలవదు.

ఇక స్థానికత. "మనం ఆంధ్రా వాళ్ళమే కదా, ఇంటర్‌కి విజయవాడ పంపిద్దాం, అక్కడ సీటు సులువు" అని చాలామంది అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ద్వారా నిండే సీట్లలో పెద్ద భాగం స్థానిక అభ్యర్థులకు. మామూలు లెక్కలో ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. ఇక్కడ పది పాసై అక్కడ ఇంటర్ రెండేళ్ళే చదివిన పిల్ల ఆ లెక్కలోకి రాదు. మిగిలిన కొద్ది శాతం సీట్లకు విడి నిబంధనలు ఉన్నాయి, అవీ మారుతుంటాయి. అటు ఎన్‌ఐటీల సంగతి వేరు. ప్రతి ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకు. పన్నెండు ఎక్కడ పాసైతే అదే సొంత రాష్ట్రం. పన్నెండు ఖరగ్‌పూర్‌లో చదివితే దుర్గాపూర్ ఎన్‌ఐటీలో, శిబ్‌పూర్ ఐఐఈఎస్‌టీలో ఆ సగం మనది. ఇంటర్‌కి ఆంధ్రా పంపితే అది వదులుకుని తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ వైపు వెళతాం. రెండిట్లో ఏది మంచిదో ఇంటింటికీ మారుతుంది. తెలియకుండా వదులుకోకూడదని మాత్రమే నేననేది. ఇంకో మాట కూడా. జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులో కావాలంటే ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే దొరుకుతుంది. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించినప్పుడు మనం సంతోషించాం. పరీక్ష హాలు దాకా ఆ సంతోషం ఇంకా రాలేదు. వస్తే మన పిల్లలకు ఎంతో మేలు.

కుల ధ్రువపత్రం విషయంలో పిల్లలు పడే అవమానం మీకు పూర్తిగా తెలియదేమో. ఆంధ్రా జాబితాలో ఉన్న కులం ఇక్కడి జాబితాలో ఉండదు, లేదా వేరే పేరుతో ఉంటుంది. ఈ బాధ మన ఒక్క ఊరిది కాదు. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు అనే కుర్రవాడు తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్ళి, అక్కడ ఎంబీబీఎస్ సీటుకు ఆంధ్రాలో ఉన్న తన షెడ్యూల్డ్ తెగ హోదాతో దరఖాస్తు పెట్టుకున్నాడు. చెల్లదన్నారు. కేసు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళింది. 1990లో తీర్పు వచ్చింది. ఒక రాష్ట్రంలోని హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో ఆ రాష్ట్రపు ప్రయోజనాలకు పనికిరాదని ధర్మాసనం చెప్పింది. ఆ నియమమే ఇవాళ్టికీ నడుస్తోంది. కేంద్ర సంస్థలకు మాత్రం, అంటే ఐఐటీ, ఎన్‌ఐటీ వంటివాటికి, తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన పత్రం ఆధారంగా ఇక్కడి అధికారి పిల్లలకు ధ్రువపత్రం ఇవ్వవచ్చు. కాబట్టి పలాసలోనో పార్వతీపురంలోనో తాతగారి పేరు మీద, తండ్రి పేరు మీద ఉన్న పాత కాగితం వెతికి తెచ్చే పని మీది. పిల్లాడు కౌన్సెలింగు రోజున ఊరికి పరిగెత్తకూడదు. ఓబీసీ పత్రమైతే కేంద్ర సీట్ల కౌన్సెలింగుకు ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత ఇచ్చినదే కావాలి. మరొకటి, రైల్వేలో గ్రూప్ సి ఉద్యోగుల్లో చాలామంది "నా జీతం ఎనిమిది లక్షలు దాటింది, మనకు రాదు" అని వదిలేస్తారు. ఓబీసీ అర్హతకు చూసే ఆదాయపు లెక్కలో జీతాన్ని కలపరు, సాగు మీద వచ్చే రాబడినీ కలపరు. తండ్రి హోదాను బట్టి చూస్తారు. అడిగి తెలుసుకోండి. తెలియక వదులుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

ఇంతసేపు కాగితాల గురించి చెప్పినందుకు విసుక్కోకండి. పిల్లల మనసు గురించి మాట్లాడతారనుకుంటే సర్టిఫికెట్ల గురించి చెబుతారేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. నా అనుభవంలో ఈ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి "ఇదుగో, ఇక నీకు ఈ గొడవ లేదు" అని తల్లి చెప్పిన రోజున పిల్ల ముఖంలో వచ్చిన తేడా ఏ ఉపన్యాసం వల్లా రాదు.

హాస్టలుకు పంపేవాళ్ళకు ఒక విషయం చెప్పాలి. మనసు కష్టపెట్టే విషయమే, అయినా చెప్పాలి. బెంగాల్ నుంచి వెళ్ళిన 17 ఏళ్ళ అమ్మాయి ఒకరు నీట్ కోసం విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ 2023 జూలైలో చనిపోయింది. ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది, దేశంలోని విద్యాసంస్థలు, కోచింగ్ కేంద్రాలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచులుగా విడదీయకూడదు. అందరి ముందూ అవమానించకూడదు. శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదు. సాయం కోసం పిలిచే నంబర్లు హాస్టల్లో కనబడేలా రాసి ఉంచాలి. కూతుర్ని పోగొట్టుకున్న ఒక తండ్రి పట్టుదల వల్ల మన పిల్లలందరికీ దక్కిన రక్షణ ఇది. దాన్ని వాడుకోవాలి. చేర్పించడానికి వెళ్ళినప్పుడు ఫీజు, ర్యాంకుల ఫ్లెక్సీ చూసి వచ్చేయకండి. కౌన్సెలర్ ఎవరు, వారానికి ఎన్ని రోజులు వస్తారు, పిల్ల ఏ రోజైనా ఇంటికి ఫోను చేసుకోవచ్చా, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, సెక్షన్లు దేన్నిబట్టి విడదీస్తారు, ఇవి అడగండి. జవాబు చెప్పడానికి ఇష్టపడని చోట పిల్లను ఉంచకండి. పంపాక కూడా, "నాకిక్కడ బాగోలేదు నాన్నా" అని పిల్ల అన్న రోజున "కట్టిన ఫీజు ఏమవుతుంది" అన్నది మన నోట మొదటి మాట కాకూడదు. రైలెక్కి వెళ్ళండి. కోరమండల్ ఉంది, ఈస్ట్ కోస్ట్ ఉంది, మన చేతిలో పాసు ఉంది. వెళ్ళి ఒక పూట పక్కన కూర్చుంటే విషయం ఎంతవరకు వచ్చిందో మీకే తెలుస్తుంది.

ఇంట్లో ఉండి చదివేవాళ్ళ సంగతి. డ్యూటీ నుంచి రాగానే "ఏరా, ఈవేళ ఏటి చదివేవు?" అనడం మన అలవాటు. ప్రేమతోనే అడుగుతాం. కాని వాడికది రోజూ వచ్చే తనిఖీ. వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున్న అనుకుందాం, అరగంట పెట్టుకుని ఫారాలు, పరీక్షలు, మార్కులు అన్నీ ఆ అరగంటలోనే మాట్లాడుకోండి. మిగతా రోజులు ఆ మాట ఎత్తకండి. అన్నం దగ్గర అసలే వద్దు. అప్పుడు పిల్లలు ఇంట్లో ఊపిరి తీసుకుంటారు, ఆదివారం వాళ్ళంతట వాళ్ళే నోరు విప్పుతారు. నేను చెప్పగా ఇది చేసి చూసిన ఇళ్ళల్లో మొదటి రెండు వారాలు నాన్నలకే కష్టమైంది, పిల్లలకు కాదు.

నిద్ర గురించి నేను గట్టిగానే చెబుతాను. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి రెండు దాకా దీపం వెలిగితే మురిసిపోయి పక్కింటివాళ్ళకు చెప్పుకునే తల్లులు ఉన్నారు. ఆ దీపం ఆర్పించండి. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రమిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న పిల్లలు, ముఖ్యంగా పరీక్షంటే బాగా బెదిరేవాళ్ళు, రాయనివాళ్ళ కంటే మెరుగ్గా రాశారు. ఖర్చులేని పని. మన పిల్లల చేత చేయించవచ్చు. తెలుగులో రాస్తారో బెంగాలీలో రాస్తారో వాళ్ళిష్టం. రాసింది మనం చదవకూడదు.

జనవరి జేఈఈకి, బోర్డు పరీక్షలకు మధ్యలో సాధారణంగా సరస్వతీ పూజ వస్తుంది. ఆ రోజు బెంగాలీ పిల్లలు పుస్తకాలు దేవి దగ్గర పెట్టి చదువు ముట్టుకోరు, కొత్త బట్టలు కట్టుకుని స్నేహితులతో తిరుగుతారు. మనవాళ్ళు కొందరు "ఒక రోజు వృథా" అని పిల్లల్ని గదిలో కూర్చోబెడతారు. పంపండి. చదువుల తల్లి పండుగే ఆ పిల్లలకు సెలవు ఇస్తున్నప్పుడు మనం ఆపడం భావ్యం కాదు.

ఆడపిల్లల మీద మరో బరువు ఉంటుంది. ఇంటి పని చేస్తూ చదవాలి, పైగా "సీటొస్తే చదువు, రాకపోతే సంబంధం" అన్న మాట చెవిన పడుతుంటుంది. నవ్వుతూ అన్నా సరే, ఆ మాట విన్న పిల్ల పరీక్ష హాల్లో ప్రశ్నతో పాటు తన పెళ్ళినీ ఎదుర్కొంటుంది. ఆ మాట ఇంట్లో ఎవరు అన్నా, నాయనమ్మ అన్నా సరే, తండ్రి అక్కడే ఆపాలి. నాయనమ్మలు నన్ను మన్నించాలి, మీ మనవరాలి మేలు కోరే చెబుతున్నాను.

పరీక్ష అయ్యాక వచ్చే కాలం అన్నిటికంటే పాడు కాలం. 2025లో డబ్ల్యూబీజేఈఈ ఏప్రిల్ 27న జరిగితే, ఓబీసీ జాబితా మీద నడిచిన కోర్టు వివాదాల వల్ల ఫలితం ఆగస్టు 22 దాకా రాలేదు. దాదాపు నాలుగు నెలలు పిల్లలు ఏ కాలేజీవాళ్ళో తెలియకుండా కూర్చున్నారు. తోటివాళ్ళు బయటి రాష్ట్రాల్లో చేరిపోయారు. అలాంటప్పుడు పిల్లలు పొద్దున్న పదింటిదాకా పడుకుంటారు, ఫోను చూస్తారు, చిన్నదానికి చిరాకుపడతారు. అది సోమరితనం అనుకోకండి. ఏదో ఒక పని అప్పజెప్పండి. చిన్న పిల్లలకు లెక్కలు చెప్పనివ్వండి, ఊరు పంపించి తాతగారి దగ్గర ఉంచండి, డ్రైవింగు నేర్పించండి. ఊరి నుంచి ఫోన్లు వస్తే, "మావాడికి ఎంతొచ్చింది?" అని అడిగేవాళ్ళకు జవాబు మీరే చెప్పండి. పిల్లల చేతికి ఫోను ఇవ్వకండి.

కొన్ని గుర్తులు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వారాల తరబడి తిండి, నిద్ర తప్పడం. ఇష్టమైన క్రికెట్టు, పాటలు, స్నేహితులు అన్నీ మానేయడం. తన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం. "నేను లేకపోతే మీకు ఖర్చు తప్పుతుంది" వంటి మాట. ఇవి కనబడితే బతిమాలి, తిట్టి సరిచేయాలని చూడకండి. నేరుగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే ఆ పిల్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. తరువాత ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. 14416 అని ఒక నంబరుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బు పడదు, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, దిక్కుతోచని తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. సీటు వచ్చేస్తే ఈ జాగ్రత్త అక్కర్లేదనుకోకండి. 2025లో మన ఊరి ఐఐటీలోనే పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళు అన్ని పరీక్షలూ గెలిచినవాళ్ళు.

ఇక డబ్బు. "అప్పు చేసైనా చదివిస్తాను" అన్న మాట తండ్రికి త్యాగంలా ఉంటుంది, పిల్లకు భయంలా వినబడుతుంది. దానికి బదులు లెక్క చెప్పండి. మన దగ్గర ఇంత ఉంది, ఇంతవరకు పెట్టగలం, ఆపైన అప్పు ఇలా తెస్తాం అని. బెంగాల్ ప్రభుత్వం 2021లో పెట్టిన స్టూడెంట్ క్రెడిట్ కార్డు మీద పది లక్షల దాకా నాలుగు శాతం సాధారణ వడ్డీకి అప్పు దొరుకుతుంది. పదేళ్ళుగా రాష్ట్రంలో ఉంటున్నవాళ్ళకు అర్హత ఉంది, అంటే మనలో చాలామందికి ఉంది. 2024 చివర్లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కూడా ఉంది. అంకె ఎదుట ఉంటే పిల్లలు దాన్నిబట్టే కాలేజీలు ఎంచుకుంటారు. అంకె తెలియనప్పుడే లేనిపోని అపరాధ భావం పట్టుకుంటుంది.

ఆఖరుగా ఒక పని అడుగుతున్నాను. ఫలితాలు రాకముందే, రేపో ఎల్లుండో, పిల్లలతో కూర్చుని "అనుకున్నది రాకపోతే" అన్న పేజీ కూడా ఆ రిజిస్టరులో రాయండి. రాస్తే అపశకునం అనుకోవద్దు. ఇందాలోని ఖరగ్‌పూర్ కాలేజీ, అటు మిడ్నాపూర్ కాలేజీ, విద్యాసాగర్ యూనివర్సిటీ మన పక్కనే ఉన్నాయి. డిగ్రీ పోర్టల్లో ఒకే దరఖాస్తుతో పాతిక ఎంపికలదాకా పెట్టుకోవచ్చు, దరఖాస్తుకు డబ్బు కట్టనక్కర్లేదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరినవాళ్ళు, అదే డిప్లొమాతో రైల్వేలో జూనియర్ ఇంజనీరు పరీక్ష రాసి మన డివిజన్లోనే పని చేస్తున్నవాళ్ళు మన వీధుల్లో ఉన్నారు. ఒకరిని ఇంటికి పిలిచి టీ ఇచ్చి మాట్లాడించండి. ఒక ఏడాది మళ్ళీ రాస్తానంటే, ఆ ఏడాది ఎలా గడుస్తుందో, ఎక్కడ చదువుతాడో, ఏ నెలలో ఆపాలో కూడా రాసుకోండి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్ళలో రెండు అవకాశాలే, అది గుర్తుంచుకోండి.

ఆ పేజీ రాసేటప్పుడు, నాన్నలే ముందు నోరు విప్పాలి. మనవాళ్ళలో నాన్నలు ప్రేమను ఫీజు కట్టి చూపిస్తారు, మాటల్లో పెట్టరు. ఈసారి పెట్టండి. "బాబూ, ఏ ర్యాంకొచ్చినా సాయంత్రం మనందరం కలిసే అన్నం తింటాం. మర్నాడు ఈ పేజీ తీసి మిగిలిన దారి చూసుకుందాం. నిన్ను ఇంకొకరితో పోల్చను." ఇంతే. ఫలితం వచ్చాక చెబితే ఓదార్పు అనుకుంటారు, ముందే చెబితే నమ్ముతారు.

టెలీ మానస్ నంబరు మళ్ళీ చెబుతున్నాను, కాగితం మీద రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఫైలు అట్ట మీద కూడా రాసి ఉంచండి.